జూన్‌తో జె-1 అయిపోతోంది.. ఉండిపోవాలా, వచ్చేయాలా?

అమెరికాలోని సౌత్ కరోలైనా నుంచి ఒక టీచర్ పెద్ద ఉత్తరం రాశారు. పేరు, కౌంటీ చెప్పవద్దన్నారు. అందులోని విషయం క్లుప్తంగా ఇది.

ఆమెకు 42 ఏళ్లు. సొంతూరు ఖమ్మం దగ్గర. ఎమ్మెస్సీ మ్యాథ్స్, బీఈడీ చదివి హైదరాబాద్ ప్రైవేటు స్కూళ్లలో చాలాకాలం పనిచేశారు. 2021 ఆగస్టులో జె-1 వీసా (కొన్నేళ్ల గడువుతో ఇచ్చే ఎక్స్ఛేంజ్ వీసా) మీద వెళ్లి, ఒక పల్లెటూరి కౌంటీలో మిడిల్ స్కూల్ మ్యాథ్స్ టీచర్‌గా చేరారు. ఏజెన్సీ ఫీజు కోసం నగలు తాకట్టు పెట్టారు, తర్వాత విడిపించుకున్నారు. మొదట మూడేళ్లు, ఆపైన రెండేళ్ల పొడిగింపు. ఈ జూన్‌తో ఆ ఐదేళ్లూ పూర్తవుతున్నాయి.

భర్త ఇక్కడ ఒక జూనియర్ కాలేజీలో ఫిజిక్స్ లెక్చరర్‌గా ఉండేవారు. ఆమె కోసం మానేసి వెళ్లారు. జె-2 (జె-1 వారి కుటుంబ సభ్యుల వీసా) మీద వర్క్ పర్మిట్ తీసుకుని ఒక వేర్‌హౌస్‌లో నైట్ షిఫ్ట్ చేస్తున్నారు. కొడుకు 11వ గ్రేడ్, కూతురు 5వ గ్రేడ్. బాచుపల్లిలో ఫ్లాట్ కొన్నారు, దాని ఈఎంఐ నెలనెలా కట్టాలి. అత్తగారు ఖమ్మంలో ఒంటరిగా ఉంటున్నారు, మోకాళ్ల నొప్పులు.

ప్రిన్సిపాల్ "నిన్ను వదులుకోం, ఏదో ఒకటి చేద్దాం" అంటున్నారు గానీ ఇంతవరకు కాగితం ఏదీ కదల్లేదు. స్నేహితురాలు ఎఫ్-1 విద్యార్థి వీసాకు మారిపొమ్మంటోంది. బావగారు ఫోన్ చేసి "అంత దూరం వెళ్లి తిరిగి రావడమేంటి, జనం ఏమనుకుంటారు" అన్నారట. పిల్లలకు ఇంకా ఏమీ చెప్పలేదు. "మా ఆయన ఈ మాట ఎత్తితే చాలు, లేచి వెళ్లిపోతారు. నాకు రాత్రిళ్లు నిద్ర పట్టడం లేదు. ఓడిపోయి వెళ్తున్నట్టుంది. ఏం చేయమంటారు?" అని అడిగారు.

మీ ఉత్తరంలోని ఆ "ఓడిపోయి" అన్న మాటతోనే మొదలుపెడతాను. జె-1 టీచర్ కార్యక్రమానికి ఐదేళ్లే గరిష్ఠ గడువు. ఎంత మంచి టీచరైనా, ఏ జిల్లాలో పనిచేసినా ఆరో ఏడు ఉండదు. మొదటి మూడేళ్ల తర్వాత పొడిగింపు రావాలంటే మీ స్కూలు, మీ స్పాన్సర్ సంస్థ ఇద్దరూ మీ పని బాగుందని ఒప్పుకోవాలి. మీకు రెండేళ్లు పొడిగించారు. అంటే ఆ కార్యక్రమం ఇవ్వగలిగినదంతా మీరు అందుకున్నారు. దీన్ని ఓటమి అని బావగారు అనుకోవచ్చు. మీరు అనుకోవలసిన పని లేదు.

మీరు నాలుగు వేర్వేరు సంగతులను ఒకే ముడిగా వేసుకున్నారని నాకనిపించింది. వీసా, అబ్బాయి చదువు, మీవారి ఉద్యోగం, ఊళ్లో వాళ్ల మాట. వీటిలో దేని గడువు దానిదే. వీసాకు మార్చి ముఖ్యం. అబ్బాయికి జూన్. మీవారి సంగతికి కాస్త వ్యవధి ఉంది. ఊళ్లోవాళ్ల మాటకు గడువే లేదు, వాళ్లు ఎప్పుడైనా అంటారు, కొన్నాళ్లకు మర్చిపోతారు.

ముందు వీసా. ఇక్కడ అపోహలు చాలా ఉన్నాయి. "ఎలాగూ రెండేళ్లు ఇండియాలో ఉండితీరాలి కదా" అని రాశారు. జె-1 విషయంలో రెండేళ్ల నియమాలు రెండున్నాయి, మీరు వాటిని కలిపేశారు. మొదటిది, స్వదేశంలో రెండేళ్లు ఉంటేగానీ హెచ్-1బి ఉద్యోగ వీసాకో గ్రీన్ కార్డుకో వెళ్లకూడదనేది. ఇది అందరికీ వర్తించదు. ప్రభుత్వ నిధులతో వెళ్లినవారికి, కొన్ని నైపుణ్యాల జాబితాలో ఉన్న దేశాలవారికి వర్తిస్తుంది. 2024 డిసెంబరులో ఆ జాబితాను సవరించినప్పుడు భారత్ పేరు తీసేశారు. అంతకుముందు వెళ్లినవారికి కూడా ఆ సవరణ వర్తిస్తుంది. కాబట్టి మీకు ఆ షరతు జాబితా వల్ల మాత్రమే వచ్చి ఉంటే, ఇప్పుడు లేనట్టే. మీ వీసా స్టాంపు మీద, డీఎస్-2019 (జె-1 అర్హత పత్రం) మీద ఏం రాసి ఉందో చూసుకోండి. పాత ముద్ర ఉన్నా కంగారుపడకుండా లాయరుకు చూపించండి.

రెండో నియమం వేరు. మళ్లీ జె-1 టీచర్‌గానే వెళ్లాలంటే అమెరికా బయట రెండేళ్లు ఉండి ఉండాలి. అది మీకు వర్తిస్తుంది. దాన్ని ఇంకోవైపు నుంచి చూస్తే, ఇప్పుడు తిరిగి వచ్చి రెండేళ్లు ఇక్కడ పాఠాలు చెప్పాక, కావాలనుకుంటే మళ్లీ దరఖాస్తు చేసుకోవచ్చు. తిరిగి రావడమంటే తలుపు శాశ్వతంగా మూసుకుపోవడమని మీరు భయపడుతున్నారు గనుక ఇది చెబుతున్నాను.

ఇక ప్రిన్సిపాల్ గారి మాట. ఆయనకు మీరంటే గౌరవం ఉందనడంలో నాకు అనుమానం లేదు. కానీ హెచ్-1బి ప్రిన్సిపాల్ చేతిలో ఉండదు. మీ ప్రాంతంలోని ప్రభుత్వ స్కూళ్లను నడిపే స్కూల్ డిస్ట్రిక్ట్ సంతకం పెట్టాలి, ఖర్చు భరించాలి, లాయర్‌ని పెట్టాలి. చాలా చిన్న కౌంటీలకు ఆ అలవాటే ఉండదు. కాబట్టి హెచ్ఆర్ ఆఫీసుకు ఈ వారమే ఒక మెయిల్ పెట్టండి, ప్రిన్సిపాల్‌ను కూడా అందులో కలపండి. నా తరఫున హెచ్-1బి దరఖాస్తు వేస్తారా, మార్చి రిజిస్ట్రేషన్‌లో నా పేరు పెడతారా, ఫీజులు డిస్ట్రిక్టే కడుతుందా, ఏ లాయర్ చూస్తారు? ఈ నాలుగూ సూటిగా అడగండి. వినయంగానే అడగండి, కానీ జవాబు ఫలానా తేదీలోపు కావాలని రాయండి. ఆ తేదీ ఫిబ్రవరి మధ్య దాటకూడదు. జవాబు రాకపోతే అదే జవాబు అనుకోండి.

ఇంకో ప్రశ్న కూడా ఉంది, చాలామంది అడగరు. మీ డిస్ట్రిక్ట్‌కు ఏదైనా యూనివర్సిటీతో టీచర్ల శిక్షణ కోసం అధికారిక ఒప్పందం ఉందా? అలాంటి అనుబంధం చట్టం అడిగే స్థాయిలో ఉంటే, మార్చిలో నమోదైన పేర్ల నుంచి తీసే హెచ్-1బి లాటరీ పరిధిలోకి ఆ డిస్ట్రిక్ట్ రాదు, అక్టోబరు దాకా ఆగనక్కర్లేదు. అన్ని ఒప్పందాలూ సరిపోవు, కానీ అడిగితే పోయేదేమీ లేదు.

లాటరీయే దిక్కైతే ఉన్న సంగతి ఉన్నట్టు తెలుసుకోండి. ఏడాదికి 85 వేల వీసాలు, అందులో 20 వేలు అమెరికాలో మాస్టర్స్ చేసినవారికి. ఈ ఏడాది నుంచి ఎక్కువ జీతం స్థాయి ఉన్నవాళ్లకు లాటరీలో ఎక్కువ అవకాశాలు ఇస్తున్నారు. నాలుగో స్థాయి వారి పేరు నాలుగుసార్లు వేస్తే మొదటి స్థాయి వారిది ఒక్కసారే. పల్లెటూరి కౌంటీ టీచర్ జీతం సాధారణంగా పై స్థాయిల్లోకి రాదు.

ఒకవేళ లాటరీ తగిలినా అసలు చిక్కు అప్పుడే మొదలవుతుంది. హెచ్-1బి అక్టోబరు 1న మొదలవుతుంది. మీ జె-1 జూన్‌తో ముగుస్తుంది, ఆ తర్వాత సర్దుకుని వెళ్లడానికి 30 రోజులు ఇస్తారు, ఆ రోజుల్లో పనిచేయకూడదు. విద్యార్థులకైతే ఈ మధ్య కాలాన్ని పూడ్చే వెసులుబాటు ఉంది. జె-1 టీచర్లకు లేదు. అంటే జూలై నుంచి సెప్టెంబరు దాకా మీరు ఏ హోదాలో ఉంటారన్నది ప్రశ్న. దేశం వదిలి వెళ్లి కాన్సులేట్ ద్వారా రావాల్సి వస్తే, 2025 సెప్టెంబరులో అధ్యక్షుడి ఉత్తర్వుతో వచ్చిన లక్ష డాలర్ల ఫీజు మీ డిస్ట్రిక్ట్ మీద పడే ప్రమాదం ఉంది. అమెరికాలోనే ఉండి హోదా మార్చుకునేవారికి ఆ ఫీజు లేదని ఇమిగ్రేషన్ శాఖ తర్వాత స్పష్టత ఇచ్చింది, కానీ హోదా మార్పుకు అర్హత నిలబడాలి. అంత డబ్బు ఏ గ్రామీణ డిస్ట్రిక్టూ కట్టదు. లాయరుతో మాట్లాడే అరగంటలో ముందుగా అడగవలసింది ఇదే. "లాటరీ తగిలితే జూన్‌కీ అక్టోబరుకీ మధ్య నన్ను ఎలా నిలబెడతారు?" అని అడగండి. దానికి తృప్తికరమైన జవాబు లేకపోతే, లాటరీ తగిలిందన్న వార్త కూడా మీకు పనికిరాకపోవచ్చు.

ఎఫ్-1 విషయంలో మీ స్నేహితురాలి సలహాను పూర్తిగా కొట్టేయను. దాంట్లో రెండు రకాలున్నాయి. ఒకటి, మొదటి రోజు నుంచే పూర్తికాలం పని చేసుకోవచ్చని, క్లాసులు పేరుకే అని చెప్పే కాలేజీలు. వాటి జోలికి వెళ్లవద్దని గట్టిగా చెబుతాను. 2019 జనవరిలో ఫార్మింగ్టన్ యూనివర్సిటీ వ్యవహారం బయటపడింది. క్లాసులు లేని ఆ యూనివర్సిటీని ఇమిగ్రేషన్ అధికారులే వల పన్ని నడిపారు. 129 మంది భారతీయ విద్యార్థులను నిర్బంధించారు. అందులో మన తెలుగు పిల్లలు ఎంతమంది ఉన్నారో, ఇక్కడ తల్లిదండ్రులు ఎంత అల్లాడిపోయారో మీకూ గుర్తుండే ఉంటుంది. ఐదేళ్లుగా మచ్చ లేకుండా కాపాడుకున్న రికార్డును అలాంటి చోట పణంగా పెట్టవద్దు.

రెండోది, ఒక మంచి స్టేట్ యూనివర్సిటీలో నిజంగానే ఎంఈడీ చేయడం. దీనికి కొన్ని అసలైన లాభాలున్నాయి. మీరు ఎఫ్-1లో ఉంటే పిల్లలిద్దరూ ఎఫ్-2 (విద్యార్థి కుటుంబ సభ్యుల వీసా) మీద మామూలుగా స్కూలుకు వెళ్లవచ్చు. అంటే అబ్బాయి 12వ గ్రేడ్ అక్కడే పూర్తవుతుంది. చదువు అయ్యాక ఏడాది పాటు పనిచేసే అనుమతి వస్తుంది, మళ్లీ పాఠాలు చెప్పవచ్చు, మాస్టర్స్ కోటాలో లాటరీకి వెళ్లవచ్చు. నష్టాలూ చిన్నవి కావు. ఫీజు విదేశీ విద్యార్థి రేటులో కట్టాలి. చదివినన్నాళ్లూ మీ జీతం ఆగిపోతుంది, క్యాంపస్‌లో వారానికి 20 గంటల పని తప్ప మరొకటి కుదరదు. ఎఫ్-2 మీద మీవారు పని చేయకూడదు. అంటే ఇంట్లోకి డబ్బు వచ్చే రెండు దారులూ ఒకేసారి మూసుకుపోతాయి, బాచుపల్లి ఈఎంఐ మాత్రం ఆగదు. ఫ్లాట్ అమ్మకుండా, అప్పు చేయకుండా ఏడాదిన్నర గడపగలిగే పొదుపు మీ దగ్గర ఉంటే ఆలోచించండి. లేకపోతే, మాస్టర్స్ చివర మళ్లీ ఇదే లాటరీ ముందు నిలబడతారు, ఈసారి చేతిలో డబ్బు లేకుండా. ఎన్ని డాలర్లు దాచారో మీరు రాయలేదు. ఆ లెక్క మీరిద్దరూ కూర్చుని కాగితం మీద వేయాలి.

ఇప్పుడు అబ్బాయి. మీ ఉత్తరంలో వాడి గురించి ఉన్నవి నాలుగు వాక్యాలే. నా దృష్టిలో మొత్తం వ్యవహారంలో ముందుగా తేల్చవలసింది వాడి సంగతే. ఎందుకంటే 11 పూర్తయి 12 మిగిలి ఉండగా దేశం మారడం పిల్లలకు అన్నిటికన్నా ఇబ్బందికరమైన సమయం. ఇక్కడ ఇంటర్‌లో మొదటి ఏడాది పరీక్షలు కూడా బోర్డువే కాబట్టి నేరుగా రెండో ఏడాదిలో కూర్చోవడం కుదరదు. సీబీఎస్‌ఈలో 12వ తరగతి ఏప్రిల్‌లోనే మొదలైపోతుంది, బయటి నుంచి నేరుగా 12లో చేర్చుకోవడానికి బోర్డు ప్రత్యేక అనుమతి కావాలి, అది తేలిగ్గా రాదు.

మరి దారులేంటి? వాడి స్కూల్ కౌన్సిలర్‌ను కలిసి ట్రాన్స్‌క్రిప్ట్ ముందు పెట్టుకుని కూర్చోండి. సౌత్ కరోలైనాలో హైస్కూల్ డిప్లొమాకు 24 క్రెడిట్లు కావాలి. చాలామంది పిల్లలకు 11 చివరికి అందులో ఎక్కువ భాగం అయిపోయి ఉంటాయి. మిగిలినవి ఈ వసంతం సెమిస్టర్‌లో, రాష్ట్రం నడిపే వర్చువల్ ఎస్‌సీ ఆన్‌లైన్ కోర్సుల్లో పూర్తిచేస్తే, జూన్ నాటికే డిప్లొమా వచ్చే అవకాశం ఉందేమో అడగండి. వస్తే వాడు స్వేచ్ఛగా ఏ దేశంలోనైనా కాలేజీకి దరఖాస్తు చేసుకోవచ్చు. అయితే ఇండియాలో చదివించే ఆలోచన ఉంటే ఒక జాగ్రత్త. ఇక్కడి యూనివర్సిటీలు మొత్తం 12 ఏళ్ల స్కూలు చదువు చూస్తాయి. ముందే ముగించిన డిప్లొమాను ప్లస్ టూతో సమానంగా ఒప్పుకుంటారో లేదో ఢిల్లీలోని అసోసియేషన్ ఆఫ్ ఇండియన్ యూనివర్సిటీస్‌కు రాసి, రాతపూర్వకంగా జవాబు తెప్పించుకున్నాకే ఆ అడుగు వేయండి. ఇంజినీరింగ్ అయితే ఫిజిక్స్, కెమిస్ట్రీ, మ్యాథ్స్ మూడూ ఆ ట్రాన్స్‌క్రిప్ట్‌లో కనిపించాలి.

వాడొక్కడినే అక్కడ ఉంచి 12 పూర్తి చేయించవచ్చా అని అడిగారు. ప్రభుత్వ హైస్కూల్లో ఎఫ్-1 మీద చదవవచ్చు గానీ 12 నెలలే, పైగా ఒక విద్యార్థి మీద స్కూలుకయ్యే పూర్తి ఖర్చు మీరే కట్టాలి, ఆ డిస్ట్రిక్ట్‌కు విదేశీ విద్యార్థులను చేర్చుకునే అనుమతి ఉండాలి. మీ ఊళ్లో ఉన్న ఆ తెలుగు కుటుంబం గార్డియన్‌గా ఉంటామన్నారని రాశారు. మంచివాళ్లే కావచ్చు. కానీ 17 ఏళ్ల పిల్లవాడికి జ్వరం వచ్చినా, కారుకు దెబ్బ తగిలినా రాత్రికి రాత్రి అక్కడ వాలిపోలేని దూరంలో మీరుంటారు. ఈ దారి చట్టం ఒప్పుకునేదే. నా మనసు మాత్రం ఒప్పుకోవడం లేదు. వాడు గట్టిగా కోరుకుంటే, మీవారు కూడా సరే అంటే తప్ప వద్దంటాను.

తిరిగి వస్తే హైదరాబాద్‌లో కేంబ్రిడ్జ్, ఐబీ స్కూళ్లున్నాయి. అక్కడ చివరి రెండేళ్లూ కలిపి ఒకే కోర్సు కాబట్టి వాడు మళ్లీ 11 నుంచి మొదలుపెట్టాల్సి రావచ్చు. ఫీజులు ఎక్కువ. టీచర్ల పిల్లలకు ఫీజులో రాయితీ ఇచ్చే స్కూళ్లున్నాయి, మీరు ఉద్యోగం వెతికేటప్పుడు ఇది కూడా అడగండి. ఇంకోటి ఎన్ఐఓఎస్, అంటే కేంద్రప్రభుత్వ ఓపెన్ స్కూల్. ఐదు సబ్జెక్టులతో అక్కడి సీనియర్ సెకండరీ పాసైతే జేఈఈకి అర్హత ఉంటుంది. ఇంట్లో ఫిజిక్స్ చెప్పే తండ్రి, మ్యాథ్స్ చెప్పే తల్లి ఉన్న పిల్లవాడికి ఇది నలుగురూ అనుకునేంత చిన్న దారేమీ కాదు. వాడి అమెరికా 10వ గ్రేడ్‌ను పదో తరగతిగా గుర్తిస్తారో లేదో మాత్రం ముందే కనుక్కోవాలి.

ఎన్ఐటీల్లో విదేశాల్లో చదివినవారికిచ్చే డాసా కోటా గురించి కూడా విని ఉంటారు. దానికి 11, 12 రెండూ విదేశంలో చదివి ఉండాలి. అంటే జూన్‌లో వచ్చేస్తే ఆ అర్హత పోతుంది, 12 అక్కడ పూర్తయితే ఉంటుంది. ఇక తెలంగాణ ఎప్‌సెట్‌లో లోకల్ హోదాకు తొమ్మిది నుంచి పన్నెండు దాకా ఇక్కడ చదివి ఉండాలన్న నిబంధన మీవాడికి అడ్డు వస్తుంది. ఇవన్నీ చూస్తే వాడికి ఒక ఏడాది పోవడం దాదాపు ఖాయమనిపిస్తుంది. పోనివ్వండి. మన దగ్గర ఏటా ఎంతోమంది పిల్లలు లాంగ్ టర్మ్ కోచింగ్ పేరుతో ఒక ఏడాది పక్కన పెడుతున్నారు. మీవాడు ఆ ఏడాదిని సర్దుకోవడానికి వాడుకుంటాడు. అంతకన్నా నాకు బెంగగా ఉన్నది వాడికి ఈ సంగతి ఇంకా తెలియకపోవడం. వాడి స్నేహితులు ఇప్పటికే సీనియర్ ఇయర్ గురించి, కాలేజీల గురించి మాట్లాడుకుంటూ ఉంటారు. వాడూ ప్లాన్లు వేసుకుంటూ ఉంటాడు. మే నెలలో చెబితే మోసపోయానని అనుకుంటాడు. ఇప్పుడే చెబితే కోప్పడతాడు, ఏడుస్తాడు, కానీ ఆలోచించుకోవడానికి వాడికీ ఐదు నెలలు దొరుకుతాయి. లాటరీ తేలాక చెబుదామని ఆగవద్దు. "ఇంకా ఏదీ ఖాయం కాలేదు, ఇవీ దారులు, నీకేది నయమనిపిస్తోంది" అని అడగండి. నిర్ణయం వాడి మీద వేయమనడం లేదు. వాడి మాట కూడా లెక్కలోకి రావాలి.

పాపకు అంత ఇబ్బంది లేదు, ఆరో తరగతిలో చేరిపోతుంది. తెలంగాణలో 2018 చట్టం వచ్చాక సీబీఎస్‌ఈ స్కూళ్లలో కూడా తెలుగు ఒక సబ్జెక్టు. ఇప్పటినుంచే రోజూ కాసేపు చదవడం, రాయడం నేర్పండి.

మీవారి మౌనం గురించి మీరు రాసిన పేరా నేను మళ్లీ మళ్లీ చదివాను. "ఆయనకు వెనక్కి రావడం ఇష్టం లేదేమో" అని మీరు ఊహించారు. నాకు అలా అనిపించలేదు. ఆయన ఒకప్పుడు క్లాసులోకి వస్తే పిల్లలు లేచి నిలబడేవారు. ఇప్పుడు రాత్రంతా పెట్టెలు మోసి పొద్దున్నే నిద్రపోతున్నారు. ఐదేళ్లు మీ ఉద్యోగం కోసం తన ఉద్యోగాన్ని పక్కన పెట్టారు. ఇప్పుడు తిరిగి వస్తే, తనకన్నా చిన్నవాళ్లు సీనియర్లుగా ఉన్న స్టాఫ్‌రూమ్‌లోకి కొత్తగా వెళ్లాలి. "ఇన్నాళ్లూ ఏం చేశారు సార్" అని అడిగితే ఏం చెప్పాలన్న బెరుకు ఉండవచ్చు. ఉండిపోతే ఎప్పటికీ ఆ వేర్‌హౌసేనా అన్న భయం ఉండవచ్చు. రెండు వైపులా బాధే ఉన్నప్పుడు మనిషి మాట్లాడడు. ఇది నా ఊహే, తప్పు కూడా కావచ్చు. అందుకే అడగండి. "ఉందామా, వెళ్దామా" అని కాకుండా, "వచ్చే ఏడాది ఈ పాటికి నువ్వు ఏ పని చేస్తూ ఉంటే నీకు బాగుంటుంది" అని అడిగి చూడండి. డ్యూటీ నుంచి రాగానే కాదు, సెలవు రోజున, పిల్లలు లేనప్పుడు. జూనియర్ కాలేజీలు మాత్రమే కాదు, ఇంటర్నేషనల్ స్కూళ్లు, ఆన్‌లైన్‌లో జేఈఈ ఫిజిక్స్, అక్కడి పిల్లలకు ఇక్కడి నుంచే ఏపీ (అడ్వాన్స్‌డ్ ప్లేస్‌మెంట్) ఫిజిక్స్ చెప్పడం, ఇవన్నీ ఆయన ముందున్నాయి. ఇప్పటినుంచే వారానికి కొన్ని గంటలు ఒకరిద్దరు పిల్లలకు పాఠం చెప్పడం మొదలుపెడితే, అదీ మీ కొడుకుతోనే మొదలుపెడితే, ఆయనకు ధైర్యం వస్తుంది.

తిరిగి వచ్చే పక్షంలో మీ ఉద్యోగం సంగతి. హైదరాబాద్ ఇంటర్నేషనల్ స్కూళ్లలో ఆగస్టు నుంచి మొదలయ్యే సంవత్సరానికి జనవరి నుంచి మార్చి మధ్యే ఎక్కువగా టీచర్లను తీసుకుంటారు. కాబట్టి లాటరీ కోసం ఆగకుండా ఇప్పుడే దరఖాస్తులు పంపండి. ఇంటర్వ్యూలు ఆన్‌లైన్‌లో అవుతాయి. రెండు చోట్లా ప్రయత్నించడంలో మోసమేమీ లేదు. జీతం విషయంలో డాలర్‌ను రూపాయితో గుణించి చూసుకోవద్దు, ప్రతిసారీ దిగులే మిగులుతుంది. ఈఎంఐ, ఫీజులు, ఇంటి ఖర్చు పోగా ఎంత మిగులుతుందో చూడండి. సొంత ఫ్లాట్‌లో ఉంటే అద్దె ఉండదు. ప్రభుత్వ ఉద్యోగం గురించి కూడా అడిగారు. టెట్ రాయండి, ఒకసారి పాసైతే జీవితకాలం చెల్లుతుంది. కానీ డీఎస్సీని నమ్ముకుని ప్లాన్ వేయవద్దు, నోటిఫికేషన్ ఎప్పుడొస్తుందో తెలియదు, మీ వయసు పరిమితికి దగ్గర్లో ఉంది.

మూడో దేశం కూడా ఉంది, మీరు దాన్ని ప్రస్తావించలేదు. ఇండియాలో శిక్షణ పొందిన మ్యాథ్స్ టీచర్లు ఇంగ్లండ్‌లో క్వాలిఫైడ్ టీచర్ స్టేటస్‌కు 2023 నుంచి నేరుగా దరఖాస్తు చేసుకోవచ్చు. 11 నుంచి 16 ఏళ్ల పిల్లలకు చెప్పే అర్హత ఉండాలి, అది మీకు ఉంది. దరఖాస్తుకు ఫీజు లేదు. ఆ హోదా ఒక్కటే వీసా తెచ్చిపెట్టదు, స్పాన్సర్ చేసే స్కూలు దొరకాలి. అక్కడ స్థిరపడే నిబంధనలు కఠినం చేస్తున్నారు. అయినా చేతిలో ఉంచుకోదగిన కాగితమే. గల్ఫ్‌లో సీబీఎస్‌ఈ స్కూళ్లు సరేసరి, మ్యాథ్స్ టీచర్‌కు అక్కడ ఎప్పుడూ పని ఉంటుంది. కానీ మరో కొత్త దేశం అంటే అబ్బాయికి మరో కొత్త స్కూలు. ఈ ఏడాదికి నేనైతే వాటిని పక్కన పెడతాను, వాడు కాలేజీలో చేరాక మళ్లీ చూడవచ్చు.

డబ్బు గురించి రెండు మాటలు, ఎందుకంటే హడావుడిలో ఇవే జారిపోతాయి. జీతంలో రాష్ట్ర రిటైర్మెంట్ కోత ఉంటే, మానేశాక మీ వాటా వెనక్కి అడగవచ్చు, పన్ను, ముందుగా తీసుకున్నందుకు అపరాధ రుసుము కింద కొంత పోతుంది. సోషల్ సెక్యూరిటీకి కట్టింది మాత్రం మీకు పింఛనుగా రావాలంటే దాదాపు పదేళ్ల పని ఉండాలి. భారత్, అమెరికా మధ్య దానికి సంబంధించిన ఒప్పందం లేదు కాబట్టి దాన్ని లెక్కలోకి తీసుకోకండి. ఎన్నారైలు తిరిగి వస్తే రెండేళ్లు విదేశీ ఆదాయం మీద పన్ను ఉండదని ఎవరైనా చెబితే వెంటనే నమ్మవద్దు. ఐదేళ్లకే తిరిగి వచ్చేవారికి రోజుల లెక్క సరిపోకపోవచ్చు. రిటైర్మెంట్ డబ్బు ఏ ఆర్థిక సంవత్సరంలో తీసుకోవాలో ఇక్కడి ఆడిటర్‌తో ముందే మాట్లాడండి. వచ్చాక ఎన్‌ఆర్‌ఈ ఖాతాను రెసిడెంట్ ఖాతాగా మార్చాలి, డాలర్లను డాలర్లుగానే ఉంచుకోవాలంటే ఆర్‌ఎఫ్‌సీ ఖాతా ఉంది. స్కూలు నుంచి అనుభవ ధ్రువపత్రం, మీ క్లాసు పరిశీలన నివేదికలు, పిల్లల సీల్ వేసిన ట్రాన్స్‌క్రిప్ట్‌లు, టీకాల రికార్డు అక్కడ ఉండగానే తీసుకోండి. ఇక్కడికి వచ్చాక వాటి కోసం మెయిళ్లు పెట్టడం నరకం.

అత్తగారి విషయంలో మీ మీద మీరు చాలా నింద వేసుకున్నారు. ఆమె కోసం వెనక్కి రావాలా అన్నారు. ఉండిపోయినా ఆమెకు పగలు తోడుగా ఒక మనిషిని పెట్టాల్సిందే. హైదరాబాద్ వచ్చినా ఆమె ఖమ్మం ఇల్లు వదిలి వస్తారో లేదో మీకే తెలియదు. మీ నిర్ణయం ఏదైనా ఆ మనిషిని ఈ నెలలోనే మాట్లాడి పెట్టండి. మోకాళ్ల నొప్పి మీ వీసా కోసం ఆగదు కదా.

ఇన్ని దారుల్లో నా మొగ్గు ఎటో చెప్పమంటే చెబుతాను. మీరు రాసిన ఆ పొడవైన ఉత్తరం మొత్తంలో మీ గొంతులో ఉత్సాహం ఉన్నది ఒక్కచోటే. మీ ఎనిమిదో తరగతి పిల్లలు ఆల్జీబ్రా రాష్ట్ర పరీక్ష రాసి పాసైన రోజు గురించి రాసినచోట. కాబట్టి మిమ్మల్ని క్లాసులో ఉంచే దారి, మీవారిని మళ్లీ క్లాసులోకి తెచ్చే దారి నాకు మెరుగ్గా కనిపిస్తోంది. యూనివర్సిటీ అనుబంధం ద్వారా డిస్ట్రిక్ట్ మిమ్మల్ని నిలబెట్టగలిగితే ఉండండి. అది కాకపోతే, జూన్‌లో హుందాగా ముగించి, చేతిలో ఒక ఆఫర్ లెటర్‌తో హైదరాబాద్ రావడం మేలనిపిస్తోంది. కానీ మీ పొదుపు ఎంతో, అబ్బాయి క్రెడిట్లు ఎన్నో తెలిస్తే నా మొగ్గు మారవచ్చు. వాడికి జూన్‌లోనే డిప్లొమా వచ్చేలా ఉంటే ఒక లెక్క, ఆరేడు క్రెడిట్లు మిగిలిపోతే ఇంకో లెక్క. పొదుపు బలంగా ఉండి వాడు అక్కడే 12 పూర్తి చేయాలని పట్టుబడితే ఎంఈడీ దారి కూడా తప్పు కాదు.

ఈ శనివారం మీవారితో, ఆదివారం అబ్బాయితో మాట్లాడండి. సోమవారం హెచ్ఆర్‌కు మెయిల్, అదే వారం కౌన్సిలర్ అపాయింట్‌మెంట్. ఫిబ్రవరి మధ్యలో డిస్ట్రిక్ట్ జవాబు, క్రెడిట్ల లెక్క రెండూ చేతికి వస్తాయి. అప్పుడు మళ్లీ రాయండి, పొదుపు వివరం కూడా రాస్తే ఎంఈడీ దారి మీకు సరిపోతుందో లేదో కలిసి చూద్దాం.